మేస్త్రికి గిట్టని మెరుపు

పాత ఓడల దిక్సూచులూ, సూర్యుడి ఎత్తు కొలిచే ఇత్తడి సెక్స్టాంట్లూ బాగుచేసే మేస్త్రికి లోకంలో ఒక్కటే శత్రువు, ఇత్తడి పాలిష్. కంటికి భూతద్దం బిగించి, ఊపిరి బిగబట్టి, అరిగిపోయిన డిగ్రీల గీతల్ని సూదిమొనతో ఒక్కొక్కటే మళ్లీ గీస్తాడు. పక్కన ఎవరైనా తుమ్మబోతే తలెత్తకుండానే, "వీధిలోకెళ్లి తుమ్మండి!" అని కసురుతాడు. అద్దాల బీరువాలో కూర్చోడానికి కాకుండా, నిజంగా సూర్యుణ్ణి కొలవడానికి ఒక్క సెక్స్టాంటైనా తన బల్ల మీంచి వెళ్లాలని ఆయన పంతం. చివరికి ఒకటి సిద్ధమైంది. ఆయన అన్నానికి లేచిన కాసేపట్లో, మామగారి మెప్పు పొందుదామని కొత్తల్లుడు దాన్ని గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, ఒక్క గీతా మిగలకుండా తోమేశాడు.

"చూడండి మామయ్యా, బంగారంలా లేదూ?"

భోంచేసి వచ్చిన మేస్త్రి కంటికి భూతద్దం బిగించి చూసి, లోపలికి తిరిగి, "ఏమేవ్, నీ అల్లుణ్ణి తీసుకుపో! నా చేతికి సుత్తి అందేలా ఉంది!" అని అరిచాడు. అంతలో సెక్స్టాంటు సొంతదారు వచ్చి, అల్లుడి చేతిలోంచి దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి పొంగిపోయాడు.

"అబ్బ, ఇదండీ పనితనమంటే! ఇంట్లో ఇంకోటుంది, అదీ ఈ అబ్బాయి చేతే చేయించండి."

అల్లుడు సిగ్గుపడుతూ నవ్వాడు. మేస్త్రి భూతద్దం ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు తీసుకురండి," అన్నాడు. "నేను షాపులో ఉండను."