మూడోసారి విరిగిన షాఫ్టు

ఇనుము ఎలా అలసిపోతుందన్నదే నేను చదివిన చదువు. ఒకే కడ్డీ మీద వంపూ మెలీ కలిసి పడితే పగులు ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో తేల్చడానికి నాకు ఐదేళ్లు పట్టింది. డాక్టరేటు ఇచ్చారు. జగిత్యాల దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆ పాఠమే చెబుతాను. మా అత్తమ్మ మాత్రం దీన్నంతా ఒక్క ముక్కలో తేల్చేసింది. "మా కోడలు ఇనుము ఎట్ల ఇరుగుతదో సదివింది" అని సిరిసిల్లలో మా వాడంతా చెప్పింది.

మా మామకు నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. మూడేళ్ల కిందట మూలనున్న సాంచా షాఫ్టు ఒకే ఏడాదిలో మూడోసారి విరిగింది. మోటారు బెల్టుతో తిరిగే కడ్డీ అది. అది లేకపోతే సాంచా ఉత్త ఇనుప మంచమే. మొదటి రెండుసార్లూ కొత్తది వేయించారు. ఆదివారం నేను సిరిసిల్ల ఇంటికి వెళ్లేసరికి, విరిగిన ముక్కను పాత గుడ్డలో చుట్టి నా ముందు పెట్టారు మామ.

"గిదేందో సూడు బిడ్డా. నీ సదువు పనికచ్చే రోజు అచ్చింది."

చూడగానే నాకు సంతోషమేసింది. దాచుకోవాల్సింది, దాచుకోలేదు. బెల్టు తిరిగే పుల్లీ చక్రం బిగించడానికి తొలిచిన గాడి మూలలో పగులు మొదలై, ఆల్చిప్ప మీది గీతల్లా వరుసలు వరుసలుగా పాకింది. చివర ఒక్కసారిగా తెగిన కొద్దిమేర మాత్రం గరుకుగా ఉంది.

"ఒక్కదినంల ఇరిగింది కాదు మామా. బెల్టు గుంజితే వంగుతది, మోటరు తిప్పితే మెలిపడతది. రెండు కలిసి మెల్లమెల్లగ..."

"సచ్చినోడు ఎట్ల సచ్చిండో మంచిగనే చెప్తున్నవ్," అంది రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న అత్తమ్మ. "బతికిచ్చుడు అస్తదా?"

నాకు పౌరుషం వచ్చింది. కొలతలు తీసుకుని రెండు పేజీల లెక్క చేశాను. గాడి మూల పదునుగా ఉండడమే తప్పని తేలింది. మర్నాడు బొమ్మ గీసుకుని, ముక్కను ఒళ్లో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. అక్కడ ఇనుప కడ్డీలు చెక్కే నమ్మకమైన లేతు మిషన్ ఉంది. కండక్టరు మూటను ఎత్తి చూశాడు.

"ఏందక్కా, కొండగట్టు అంజన్నకు గద చేపిస్తున్నవా?"

లేతు ఆయన నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మూల గుండ్రంగ చెయ్యుమంటే అయిపోతుండె గద మేడం. గీ పురుగులన్ని ఎందుకు గీసిన్రు?" అన్నాడు. అవి గ్రీకు అక్షరాలని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. షాఫ్టు మాత్రం చక్కగా చేసిచ్చాడు.

మరుసటి ఆదివారం బిగించాం. సాంచా కదిలింది. మామ ముఖం వెలిగింది. అత్తమ్మ రాట్నం ఆపి చెవి పెట్టింది.

"గిది ఇంక కుంటుతనే ఉన్నది."

"లెక్క సరిగనే ఉన్నది అత్తమ్మా."

ఆమె చెంబు తెచ్చి సాంచా కాళ్ల దగ్గర నీళ్లు పోసింది. నీళ్లన్నీ ఒక మూలకే పారాయి. "గా కాలు కింది బండ కుంగింది. రెండేండ్ల సంది చెప్తున్న. ఎవరన్న ఇంటరా?" అంది. మామ ఇంటికప్పును పరిశీలించసాగారు.

నాకప్పుడు తట్టింది. సాంచా ఒరిగితే షాఫ్టు రెండు కొసలూ ఒక్క వరుసలో ఉండవు. తిరిగిన ప్రతిసారీ అది ఇంకాస్త వంగుతుంది. నా లెక్క మొదటి వాక్యమే 'రెండు కొసలూ సమంగా ఉన్నాయనుకుందాం' అని. అనుకున్నాను గానీ వంగి చూడలేదు. సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. అత్తమ్మ కూడా నవ్వింది, నాకంటే కాస్త ఎక్కువసేపు.

పక్కింటివాళ్లను పిలిచి, నలుగురం కలిసి సాంచాను గడ్డపారతో ఎత్తి, కాలి కింద ఇనుపపలక పెట్టాం. ఈసారి అత్తమ్మ తలూపింది.

మూడేళ్లయింది, షాఫ్టు విరగలేదు. కోడలి చదువు వల్లేనంటారు మామ. తన చెంబు వల్లనంటుంది అత్తమ్మ. రెండూ కలిసి పనిచేశాయని నేనంటే ఇద్దరికీ కోపమే.

మొన్న నేను క్లాసులో ఉండగా అత్తమ్మ ఫోన్ చేసింది. పక్క వీధిలో ఎవరి షాఫ్టో విరిగిందట, తాను వెళ్లి చూసి వచ్చిందట.

"ముక్క నీకోసం తీసిపెట్టిన. ఆదివారం అచ్చి సూడు బిడ్డా, గీతలు మస్తుగున్నయి."