సరోజత్త యుద్ధకాలపు కొలువు

నిన్న బస్సులో పక్క సీటు అమ్మాయి కొత్త లెక్కల పుస్తకం తెరిచింది. ఆ కాగితం వాసనకు నా చిన్ననాటి చిత్తూరు ఇల్లు గుర్తొచ్చింది.

మా అక్క తిరుపతి కాలేజీలో లెక్కలు చదువుతానంటే నాయన ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు లెక్కలు యాడ పనికొస్తాయి?" అన్నాడు.

అనపకాయల గింజలు ఒలుస్తున్న సరోజత్త తలెత్తింది. ఆమె నాయనకు అక్క. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసులో టైపిస్టుగా చేసిందనే మేమంతా అనుకునేవాళ్ళం.

"నేను టైపు కొట్టలేదురా. శత్రువులు అంకెల్లో దాచి పంపే కబుర్లు మా దగ్గరికి వస్తా ఉండె. లెక్కలేసి ఆ ముడులు విప్పినాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చినాను. అమ్మక్కూడా చెప్పలేదు."

నాకు ముడులన్న మాటొక్కటే అర్థమైంది. పూలు కట్టే దారపుండ చిక్కుపడి ఉంటే పరుగున తెచ్చి అత్త ఒళ్ళో వేశాను. ఆమె నవ్వి, ఓపిగ్గా విప్పుతూ కూర్చుంది.

కాసేపటికి నాయన అక్కతో, "రేపు తిరుపతికి పోదాం, తయారుగా ఉండమ్మా" అన్నాడు.

అక్క లెక్కల లెక్చరరైంది. అత్త ఆ రోజు చేసిందేమిటో నాకు పెద్దయ్యాకే తెలిసింది. నలుగురి మెప్పు కోసం ఆమె ఎన్నడూ ఇచ్చిన మాట దాటలేదు. అక్క చదువు కోసం దాటింది.