కార్డు మీది మొగుడు

భీమక్కకు ఈ ఏడు సుగ్గికి పోవాలని లేదు. ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో చేలు ఎండిపోయాక ఇళ్లకు తాళాలేసుకుని, మూటాముల్లే కట్టుకుని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడాన్ని సుగ్గి అంటారు. వానలు పడని ఏడు పోతారు. పడిన ఏడూ పోతారు, అది వేరే సంగతి. వయసులో ఉన్నప్పటి నుంచి భీమక్క ఒక్క సుగ్గి తప్పలేదు. ఇప్పుడు మాత్రం మిరప తోటలో అడుగు పెడితే చాలు, దగ్గు అందుకుంటుంది, ఊపిరి ఆడదు. "మళ్లీ ఆ ఘాటులోకి పోయినావంటే నా దగ్గరికి రావద్దు" అని ఆదోనిలో డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. డాక్టరమ్మకేం, చెప్పి ఊరుకుంటుంది. ఇంట్లో కూర్చుంటే కడుపు ఎట్లా నిండుతుందో ఆమె మందుల చీటీలో రాయలేదు.

అందుకే భీమక్క ఆశంతా పింఛను మీద పెట్టుకుంది. ఒకటో తేదీ తెల్లవారగానే ఊరి సచివాలయం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ముసలీ ముతకా చేతుల్లో పింఛను పెట్టి పోతారు. భీమక్క ఇంటికి ఈ పక్క ఇస్తారు, ఆ పక్క ఇస్తారు, ఆమె వాకిలి మాత్రం దాటేస్తారు. వయసు చాలదా అంటే, తల ముగ్గుబుట్టయి ఎన్నాళ్లో అయింది. పొలం ఉందా అంటే, పూలమొక్క పెట్టుకునే జాగా కూడా లేదు. బిడ్డలు సంపాదిస్తున్నారా అంటే, అసలు బిడ్డలే లేరు. ఇంతకంటే అర్హత ఇంకేం కావాలో ఆమెకు అర్థం కాలేదు.

సచివాలయంలో పింఛన్లు చూసే ప్రేమ్ కుమార్‌ది కోడుమూరు. మంచి పిల్లోడు, విసుక్కోడు. అర్జీ తీసుకుని, కంప్యూటర్‌లో చూసి, మొహం అదోలా పెట్టాడు.

"అవ్వా, మీ కార్డులో ఒక పింఛను వస్తానే ఉంది కదా."

"నాకా? యాడ వస్తాంది నాయనా? వస్తే నీ కాడికి ఎందుకొస్తా?"

"నీకు కాదు, మీ ఆయనకు. కాశప్ప. ఎమ్మిగనూరులో తీసుకుంటాండాడు. కార్డుకు ఒకటే పింఛను అవ్వా. ఇద్దరికి ఇయ్యరు."

భీమక్కకు ఒళ్లు మండిపోయింది. మీ ఆయన అట. ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

కాశప్ప ఆమెను వదిలేసి ముప్పై ఏళ్లు దాటింది. బిడ్డలు కలగలేదన్న వంక పెట్టుకుని, ఎమ్మిగనూరులో మగ్గం నేసే నాగవేణి ఇంట్లో చేరాడు. అక్కడా బిడ్డలు కలగలేదు. దానికి మాత్రం ఏ పంచాయితీ కూర్చోలేదు. భీమక్క విషయంలో కులపెద్దలు కూర్చున్నారు, గడ్డిపోచ తెచ్చి ఇద్దరి చేతా చెరో కొస పట్టించి తుంచించారు. ఇక నీకూ నాకూ ఏం లేదని దాని అర్థం. ఊరంతా చూసింది.

మరి ఆమెకు తిండి ఖర్చు సంగతేమిటని ఎవరో అడిగితే, కాశప్ప చేతులెత్తేశాడు. అప్పుడు పెద్దలకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. కాశప్ప పేరు రేషన్ కార్డులో అట్లాగే ఉండనీ, వాని వంతు బియ్యం కూడా భీమక్కే తిననీ, అదే వాడిచ్చే భరణం అన్నారు. సర్కారు బియ్యంతో కాశప్ప భరణం తీర్చేశారన్నమాట! అందరూ భలే తీర్పని తలలూపారు. భీమక్క కూడా ఊపింది. ఆకలి వేళ అది చిన్న సాయం కాదు మరి. ఆ బియ్యమే ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది. గడ్డిపోచ తుంచిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు. ఇన్నేళ్లు ఒకే కార్డు మీద బియ్యం తిన్న మొగుడూ పెళ్లాలని మాత్రం తెలుసు.

"అయితే వాని పేరు కొట్టేయి" అంది భీమక్క.

"నేను కొట్టేస్తే పోయేది కాదవ్వా. మొగుడూ పెళ్లాన్ని వేరు చేయాలంటే కోర్టు కాయితం అడుగుతాంది."

"పెద్దలు తుంచినారు కదప్పా!"

"ఆ పెద్దలు ఎవరన్నా ఉండారా?"

ఎవరున్నారు? ఒకరి తర్వాత ఒకరు అందరూ పోయారు. పోనీ కాశప్పే వచ్చి, మేం కలిసి లేమని రాసిచ్చి సంతకం పెడితే, తహసీల్దారుకు పంపి చూద్దామన్నాడు ప్రేమ్ కుమార్. గ్యారంటీ లేదని కూడా చెప్పాడు.

భీమక్క రెండు రోజులు తనలో తాను రగిలిపోయింది. ఆ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. మూడో రోజు ఒట్టునూ రోషాన్నీ మడిచి పక్కనబెట్టి ఎమ్మిగనూరు బస్సెక్కింది.

కాశప్ప అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మనిషి సగమైపోయాడు, పళ్లు ఊడిపోయాయి. ఆమెను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడ్డాడు. ఇంత కాలం మనసులో అనుకుని పెట్టుకున్న తిట్లన్నీ ఆ మనిషి మీద ఎక్కడ వెయ్యాలో భీమక్కకు తోచలేదు. నాగవేణి లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టి పోయింది.

భీమక్క నీళ్లు ముట్టుకోలేదు. వచ్చిన పని చెప్పింది. కాశప్ప అంతా విని తల దించుకున్నాడు.

"సంతకం పెట్టేదానికి నాకేం భీమీ. పెడితే నా పేరు దీని కార్డులోకి వస్తాది. దీనికి చేనేత పింఛను వస్తాంది. ఒక కార్డుకు ఒకటే అంటారు కదా. నాది తీసేస్తారు."

"తీసేస్తే?"

"నా మందులు దాంతోనే. దీని కండ్లు పోయినాయి, మగ్గం ఎక్కలేదు."

"అంటే నీ పింఛను కోసరం నేను నీ పెండ్లాన్నా? కాపురం చెయ్యమన్న నాడు కాకపోతిని, ఇప్పుడైతినా?"

కాశప్ప తానేదో పెద్ద న్యాయం చేస్తున్నట్టు గొంతు సవరించుకుని, "వచ్చిన దాంట్లో సగం ఇస్తా. నెలనెలా వచ్చి తీసుకపో" అన్నాడు.

అదీ బాగానే ఉంది! నెలనెలా టికెట్టు పెట్టుకుని వచ్చి, వదిలేసిన మొగుని గుమ్మంలో నిలబడి, సవతి చూస్తుండగా చేయి చాచాలన్నమాట. తన వయసుకు, తన కష్టానికి సర్కారు ఇవ్వాల్సింది వీడి దయ మీద తెచ్చుకోవాలా? భీమక్కకు ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఆ అరుగు ముందర ఏడవడం ఇష్టం లేక లేచింది.

"నీ సగం నాకొద్దు. నాది నాకు కావాల" అని వచ్చేసింది.

మర్నాడు ప్రేమ్ కుమార్‌కు జరిగిందంతా చెప్పింది. పాపం, ఆ పిల్లోడు ఆమె కోసం ఎవరెవరికో ఫోన్లు చేశాడు, ఆదోనిలో పెద్ద సారును కూడా అడిగాడు. అందరూ అదే మాట, కార్డుకు ఒకటే. రూలు పెట్టినవాడు ఎక్కడున్నాడో, వానికి అవ్వ ఉందో లేదో! చివరికి ప్రేమ్ కుమార్, ఊరికే పంపడం ఇష్టం లేక కాబోలు, గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు.

"ఒకటి మాత్రం ఉందవ్వా. మీ ఆయనకు ఏమన్నా అయితే, ఆ పింఛను నీ పేరు మీదికి మారుతాది. కార్డులో పెండ్లామని ఉంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు. తొందరగానే వస్తాది."

మంచి మనసుతోనే చెప్పాడు. భీమక్క అతని మొహం వైపు చూసింది.

"ఇన్నేండ్లు వాన్ని తిట్టినా నాయనా. పొద్దున లేచి తిట్టినా, పనుకునేటప్పుడు తిట్టినా. సావాలని మాత్రం ఏ దేవునికీ మొక్కలేదు. ఇప్పుడు మీ గవర్నమెంటు మొక్కమంటాందా?"

ప్రేమ్ కుమార్ అర్జీ వెనక్కి ఇచ్చాడు.

ఆ వారంలోనే గుంటూరు పోయే బొలేరో ఊర్లోకి వచ్చింది. మూటలు, గిన్నెలు, పిల్లలు, మేకపిల్ల ఒకటి, అన్నీ ఎక్కాయి. అందరికంటే చివర భీమక్క వచ్చి, పక్కకు వంగి దగ్గి, రొంటికున్న పాత గుడ్డ తీసి ముక్కుకు కట్టుకుంది. మనుషులను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ జయన్న చేయి అందించి పైకి లాగాడు.

"ఏమక్కా, పింఛను వస్తాది, ఈ ఏడు రానంటివే?"

భీమక్క మూటల మధ్య చోటు చేసుకుని కూర్చుంది.

"యాడొస్తాదిలేప్పా. నా మొగుడు ఇంకా బతికే ఉండాడంట."