అమ్మ ఖాళీగా వదిలిన పేరు

ఇక్కడ ఏప్రిల్ వచ్చిందంటే ఫిజోవా పండ్లు రాలతాయి. ఆక్లాండ్ శివార్లలోని న్యూ లిన్‌లో మా అపార్ట్‌మెంట్ కింద డైరీ అని పిలిచే చిల్లర కొట్టు ఉంది. అది నడిపే ఆవిడ ఆ పండ్లను అట్టపెట్టెలో పోసి తలుపు పక్కన పెడుతుంది. పొద్దున్నే రైలుకి పరిగెత్తుతుంటే, జామపండుకీ ఒంటి సబ్బుకీ మధ్య ఎక్కడో ఉండే ఆ పచ్చి తీపి వాసన ముక్కుకి తగిలి, నన్ను టౌరంగాలో నేను పెరిగిన చెక్క ఇంటి పెరట్లోకి లాక్కుపోతుంది. ఆ పెరట్లో కంచె అవతల పక్కింటి ఐరిస్ ఆంటీ ఫిజోవా చెట్టు ఉండేది. ఆవిడ బకెట్ నిండా పండ్లిస్తే, అమ్మ చెంచాతో గుజ్జు తీసి, పచ్చిమిరపకాయలు వేసి నూరి, ఇంగువ తాలింపు పెట్టి పచ్చడి చేసేది.

మా ఇంట్లో అమ్మా నేనూ తప్ప ఎవరూ లేరు. అమ్మ గుంటూరు దగ్గర నుంచి నర్సుగా ఈ దేశం వచ్చింది. ఇక్కడే ఒక తెలుగాయనతో కొన్నాళ్ళు కలిసి ఉంది. పెళ్ళి కాలేదు. నేను పుట్టకముందే ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. నా పుట్టుక నమోదు చేయించేటప్పుడు అమ్మ ఒక్కతే వివరాలిచ్చి, తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలేసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో దాన్ని దాచిందీ లేదు, దాని గురించి మాట్లాడుకుందీ లేదు.

ఆదివారాలు మాత్రం ఇల్లు నిండినట్టుండేది. ఊళ్ళో ఉన్న కొద్దిపాటి తెలుగు క్రైస్తవ కుటుంబాలు ప్రార్థన కోసం, దాన్ని నడిపించే శామ్యూల్ అంకుల్ ఇంట్లో కలిసేవి. డిసెంబరు ఎండల్లో, వీధి పొడుగునా పొహుతుకావా చెట్లు ఎర్రగా పూసి, కార్ల మీద కుంకుమ చల్లినట్టు కేసరాలు రాలుతుంటే, ఆయన గరాజ్‌లో ఆడవాళ్ళంతా చేరి క్రిస్మస్‌కి అరిసెలు వండేవారు. ఒకరు పాకం చూసేవారు, ఒకరు పిండి కలిపేవారు, ఒకరు వేయిస్తే ఇంకొకరు రెండు గరిటెల మధ్య నొక్కి నూనె పిండేవారు. పిల్లలం ఐస్‌క్రీమ్ డబ్బా మూతలు విసురుకుంటూ ఆడి, బెల్లం వాసన పట్టిన చేతులతోనే పాటలకి కూర్చునేవాళ్ళం.

నా ఈడు పిల్లలకి బాప్తిస్మం ఇవ్వాలనుకున్న ఏడాది, శామ్యూల్ అంకుల్ సర్టిఫికెట్లు రాయడానికి కూర్చున్నాడు. చెడ్డ మనిషి కాడు. అమ్మని పక్కకి పిలిచి, నెమ్మదిగానే అడిగాడు.

"తండ్రి పేరు ఏం రాయమంటావమ్మా?"

"ఖాళీగా ఉంచండి బ్రదర్. పుట్టిన సర్టిఫికెట్‌లోనూ అట్లాగే ఉంది."

"నలుగురిలో చదువుతాం కదా. పిల్లకి రేపు ఇబ్బంది అవుద్ది. ఏదో ఒక పేరు రాద్దాం. ఆయన పోయాడని చెబుదాం."

"బతికున్న మనిషిని పోయాడని ఎట్లా చెప్పేది? దేవుడి దగ్గర అబద్ధం పేరు రాయించి, ఆ పిల్లని నీళ్ళలో ఎట్లా దింపేది?"

నేను గుమ్మంలో బూట్లు వేసుకుంటూ విన్నాను. ఆ నెల మిగతా పిల్లలు నీళ్ళలో దిగారు. నా సంగతి తర్వాత చూద్దామన్నారు. మమ్మల్ని ఎవరూ రావద్దనలేదు. ఫోన్లు తగ్గాయి, అంతే. ఒక ఆదివారం అమ్మ కారు తాళాలు చేతిలో పట్టుకుని సోఫాలో చాలాసేపు కూర్చుని, వాటిని మళ్ళీ మేకుకి తగిలించేసింది.

ఆ క్రిస్మస్‌కి అమ్మ ఒక్కతే అరిసెలు వేయిస్తే నేను గరిటెలతో నొక్కాను. సగం విరిగిపోయాయి. అయినా బాగున్నాయనే అంది. ఆదివారాలు నేను వరండా మెట్ల మీద కూర్చుని, బీచిలో ఏరుకొచ్చిన గవ్వలతో వామనగుంటలు ఆడేదాన్ని. అటు చేత్తో నేనే, ఇటు చేత్తో నేనే. ఎదుటివాళ్ళు పాపం అనిపించి ఎడమ చేతిని గెలిపించేదాన్ని. పక్కింటి గడ్డి కోసే మిషను చప్పుడు ఆగిపోతే వీధి మొత్తం ఖాళీ అయినట్టుండేది.

అలా ఆడుతుంటే ఒక రోజు ఐరిస్ ఆంటీ కంచె దగ్గరకొచ్చి, ఆదివారం పూట ప్రార్థనకి వెళ్ళడం ఎందుకు మానేశారని అడిగింది. అప్పటికే ఎనభై దాటిన మనిషి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ తమ ఇంటి కథ ఒకటి చెప్పింది.

"మా అమ్మమ్మ విక్టోరియా రాణి కాలంలో పుట్టింది. వాళ్ళమ్మకి పెళ్ళి కాలేదు. అలాంటి పిల్లకి తండ్రి పేరు రాయాలంటే, ఆ తండ్రి కూడా వచ్చి తల్లితో పాటు రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టాలి. ఆయన ఆమెతో పాటు ఆఫీసు దాకా వచ్చాడు. గుర్రం పట్టుకుని బయట నిలబడ్డాడు. లోపలికి మాత్రం రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"గుర్రాన్ని కట్టేసే చోటు దొరకలేదన్నాడట."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆవిడే మళ్ళీ అంది. "ఈ మాట నాకు అమ్మమ్మే చెప్పింది. మా అమ్మకి మాత్రం అది సిగ్గు. ఆయన సముద్రంలో మునిగిపోయాడని ఊరంతా చెప్పుకొచ్చింది. అమ్మ మాట అబద్ధమని తెలిసీ నేను నోరు మూసుకునే పెరిగాను. మీ అమ్మ ఎవర్నీ ముంచలేదు. నీకు ఆ బరువు లేదు."

సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి బియ్యం కడుగుతుంటే, మొదటిసారి అడిగాను. "నాన్న ఎందుకు రాలేదు, సంతకం పెట్టడానికి?"

అమ్మ నీళ్ళు వంచేసి, మళ్ళీ పోసింది. "నేను రమ్మని అడగలేదమ్మా. అడిగాక రాకపోతే తట్టుకోలేననిపించింది."

ఆయన పేరేంటో మాత్రం ఆ రోజూ అడగలేదు. స్కూలు అయ్యాక పై చదువు కోసం ఆక్లాండ్ వచ్చేశాను. ఇక్కడే ఉద్యోగంలో సెటిల్ అయ్యాను. పోయిన చలికాలం అమ్మకి జబ్బు ముదిరాక సెలవు పెట్టి టౌరంగా వెళ్ళి ఆమె దగ్గరే ఉన్నాను. ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి మంచం మీద ఎండ పడుతుంటే అమ్మ అడిగింది.

"ఆ పేరు చెప్పేదా?"

"చెప్పమ్మా."

చెప్పింది. మామూలు పేరు. గుంటూరు బస్టాండులో కేక వేస్తే పది మంది తిరిగి చూసే పేరు. ఎన్నో ఏళ్ళుగా, అది వినగానే నాలో ఏదో కదులుతుందనుకున్నాను. ఏమీ కదల్లేదు. పేరు చెప్పిన మనిషి ఎంత చిక్కిపోయిందో మాత్రం కనిపించింది. నేను గ్లాసు అందిస్తే రెండు గుక్కలు తాగి, అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు అమ్మ లేదు. మేముండే చెక్క ఇంటినీ, ఐరిస్ ఆంటీ ఇంటినీ పడగొట్టి, ఆ రెండు స్థలాల్లో ఒకేలా ఉండే బూడిదరంగు ఇళ్ళు వరసగా కడుతున్నారు. ఆ పేరు నేను ఎక్కడా రాయించలేదు. మనవాళ్ళు ఏ దేశంలో కలిసినా ముందు ఎవరమ్మాయివని అడుగుతారు. ఆ ప్రశ్నంటే చిన్నప్పుడు నాకు వణుకు. ఇప్పుడైతే తడుముకోకుండా అమ్మ పేరు చెప్పగలను. మనవాళ్ళు కలిసే చోటికి నేను వెళ్ళను కాబట్టి, ఈ ఊళ్ళో నన్ను అడిగేవాళ్ళు లేరు.