బాపు పోసిన పసుపు నీళ్లు

మా చిన్నప్పుడు... హుస్సేనీ ఆలంల వకీల్ సాబ్ దేవిడి బంగ్లా ముంగట, నల్లటి మోటారు కింద ఎల్లెలకల పండుకోని నేను పసుపు మరక దేవులాడుతున్న. నాకు తొమ్మిదేండ్లు. లంగ నిండ దుమ్ము. మా బాపు పక్కన కూసోని "కనవడ్డదా బిడ్డా?" అని గడియకోసారి అడుగుతుండె...

బాపు వకీల్ సాబ్ దగ్గర డ్రైవరు. యుద్ధం రోజులవి, మోటారు సామాను దొరకకపోతుండె. ఇంజను సల్లగుండనీకి ముంగట నీళ్ల డబ్బా ఉంటది గదా, రేడియేటరు... దానికి చిల్లు పడితే కొత్తది తెచ్చే ముచ్చటనే లేదు. అందుకే మా అమ్మ తమ్ముడు రాజయ్య మామతోని, సాబ్ ఇచ్చిన తగరం కరిగిచ్చి చిల్లు మూసే మాటు పెట్టిచ్చిండు బాపు. మామ మోటార్ల మిస్త్రీ పని చేస్తుండె. "మా బామ్మర్ది చెయ్యి పడ్డదంటే ఇగ ఫికర్ లేదు సాబ్" అని బాపే జిమ్మా తీసుకున్నడు.

రెండు నెలలు మంచిగనే నడిచింది. ఆ తర్వాత రోజూ చెంబెడు నీళ్లు మాయమైతుండె. పొద్దుగాల నిండుగ పోస్తే మాపటికి తక్కువ. కింద జూస్తే సుక్క లేదు. ఓనాడు చార్మినార్ దాటంగనే పొగలు గక్కి ఆగిపోయింది. సాబ్ కోటేసుకోని కోర్టు కచేరికి నడుసుకుంట పోయిండు. "ఇంకోసారి గిట్లయితే చావి ఇచ్చి పో" అన్నడు.

ఆ నౌకరి పోతే మాకు తలదాచుకోనీకి జాగ లేదు. దేవిడి వెనక అర్ర నౌకరితోనే ఇచ్చిండ్రు మరి. అమ్మకేమో ఏడో నెల...

బాపు పడ్డ తిప్పలు ఇన్ని అన్ని కావు. మోటారు కింద పొయ్యిల బూడిద పరిచిండు. తెల్లారి జూస్తే తడి లేదు. రబ్బరు గొట్టాలు ఒత్తి ఒత్తి జూసిండు. ఆఖరికి ఆయనకే తోచింది. "నిలబడ్డప్పుడు కారుతలేదు. ఉరికినప్పుడు కారి, వేడికి ఆడ్నే ఎండుతున్నది" అన్నడు. అమ్మ డబ్బాల పసుపు రెండు పిడికిళ్లు నీళ్లల్ల కలిపి పోసి, బార్కస్ దాక తోలుకపోయి తెచ్చిండు. నీళ్లు ఎండినా పసుపు ఉంటది గదా... అక్షరం ముక్క రాని మనిషి, గంత తెలివి ఎక్కడిదో మా బాపుకు.

నేను దేవులాడుతుంటెనే సాబ్ లోపటి నుంచి పిలిచిండు. బాపు అటు పోయిండో లేదో, నాకు కనవడ్డది...

ఫ్యాను వెనక, డబ్బా అడుగున, నల్లరంగు మీద సన్నటి పసుపు గీత. గోరుతోని గీకిన. మెత్తగ ఊడొచ్చింది. వాసన జూస్తే బట్టల సబ్బు. మోటారుకు సబ్బెందుకు అనుకున్న, అంతే. మామ మాటు పెట్టకుండ చిల్లుల సబ్బు కూరి మీద రంగు పూసిండని తొమ్మిదేండ్ల పోరికి ఏం సమజైతది? సాబ్ ఇచ్చిన తగరం ఎటు పోయిందో ఆ దేవునికే ఎరుక.

అప్పుడే మామ వచ్చిండు. సాబే కబురు పెట్టిండంట. మామ అంటే నాకు పాణం... పత్తర్‌గట్టి దిక్కు పోతే నాకు గాజులు తేకుండ వచ్చేటోడు కాదు. ఉరికిపోయి చెయ్యి పట్టి గుంజుకొచ్చిన. "మామా, దొరికింది."

వంగి జూసిండు. "నా తల్లే... ఎవరికన్నా చెప్పినవా?"

"లే."

"మంచిది. మీ బాపుకు నేను చెప్త. నువ్వు పోయి చేతులు కడుక్కో."

నేను పోయి శుభ్రంగ కడుక్కున్న. గోట్ల ఉన్న సబ్బు, పసుపు అన్నీ పోయినయ్.

వచ్చేసరికి సాబ్, బాపు, మామ నిలబడ్డరు. మామ చేతిల గ్యాసునూనె గుడ్డ. "గాడీల ఏం ఖరాబీ లేదు సాబ్. మా బావనే నీళ్లు పోసుడు మర్చిపోతున్నడు" అంటున్నడు. బాపు వంగి జూసిండు. అద్దం లెక్క సాఫ్ ఉన్నది.

"ఇందాక ఉండె బాపూ, మామకు జూపెట్టిన" అని ఒర్లిన. మామ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "తండ్రి మీద పాయిరం సాబ్, పాపం అబద్ధం చెప్తున్నది" అన్నడు...

సాబ్ మూత తీసి పసుపు నీళ్లు జూసిండు. "మోటర్ మే హల్దీ? సాలన్ పకారై క్యా?" మోటారుల పసుపేంది, కూర వండుతున్నవా అని కసిరిండు. ఒక్కసారి నడిపి జూద్దాం అని బాపు బతిమిలాడిండు. వినలె. బాపు చావి ఆయన చేతిల పెట్టిండు.

అమ్మ గూడ నన్ను నమ్మలె. "మా తమ్ముడు గట్ల చేసేటోడు కాదు" అన్నది. బాపు ఒక్కటే అడిగిండు... "మొదలు నాకెందుకు చెప్పలె బిడ్డా?"  నమ్మిచ్చి గొంతు కోసింది మామ అయితే, ఆ గొంతు నేనే తీస్కపోయి ఇచ్చిన.

నాలుగు నెలలకు ఆ మోటారు ఇంజను పట్టేసి నడి బజార్ల నిలబడ్డదని తెలిసింది. వచ్చి తప్పయిందని చెప్పినోళ్లు లేరు. బాపు పత్తర్‌గట్టిల బట్టల మూటలు మోసిండు. మళ్ల స్టీరింగు ముట్టలె.

ఐదేండ్లకు నా పెండ్లి. పిల్లను గంపల కూసోబెట్టి మోసేది మేనమామనే గదా... ఇంకెవరు మోస్తరు? రాజయ్య మామ వంగి గంప పట్టిండు. నేను చెవుల మెల్లగ అన్న... "మామా, అడుగు చూసుకోని ఎత్తు. మాటు గట్టిగ ఉన్నదా?"

 మామ గంప అడుగు రెండుసార్లు తడిమి జూసి, మండపం దాక తల ఎత్తకుండ మోసిండు. ఎదురుంగ బాపు నిలబడి నా మొఖమే జూస్తున్నడు.

మొన్న నా మనవని కారుకు గిదే రోగం. మెకానిక్ పోరడు ఏదో రంగు పోసి, నీలం లైటు కొట్టి అరగంటల జూపెట్టిండు. ఇది మా బాపు పసుపే గదరా అన్న... నవ్విండ్రు. నేను మాత్రం బానెట్ మూసేదాక ఆడ్నే నిలబడ్డ.

నా మనవరాలు ఫోన్ల టైపు చేస్తున్నది, నేను చెప్తున్న. చిన్నప్పుడు మీరు నిజం చెప్తే ఎవ్వరూ నమ్మని రోజు ఏదన్నా ఉంటే కింద రాయుండ్రి... నేను నమ్ముత.