నెల్లూరు అన్న చెప్పిన పావు చుట్టు

పోయిన ఆదివారం సాయంత్రం మా అల్లుడు నన్ను బలవంతంగా కారెక్కించి, అబుదాబీలో ఎక్కడో పాత అమెరికా కార్ల ప్రదర్శన జరుగుతోందని తీసుకుపోయాడు. ఇన్నేళ్లుగా ముసఫ్ఫా గ్యారేజీల్లో కార్ల డొక్కలు సరిచేసి బతుకుతున్నవాణ్ణి సెలవురోజు కూడా కార్లే చూడమనడం, వంటవాణ్ణి విందుకు పిలిచి మళ్లీ వంటింట్లోనే కూర్చోబెట్టినట్టుందని దారంతా సణుగుతూనే ఉన్నాను. తీరా అక్కడికి వెళ్లాక నా సణుగుడు దానంతటదే ఆగిపోయింది.

బారెడు ముక్కులు, వెడల్పాటి వెనుక చక్రాలు, నెత్తిమీద రెండేసి చారలు ఉన్న కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నింటికీ బానెట్లు ఎత్తి ఉన్నాయి. చుట్టూ జనం, పురిటింట్లో పసిబిడ్డను చూడటానికి వచ్చినవాళ్లలా గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఎవరైనా మర్యాదగా అడిగితే ఆ కారు యజమాని నవ్వి తాళం తిప్పేవాడు. అప్పుడు మాటలన్నీ ఆగిపోయేవి. ఇప్పటి కార్లలాగా ఆ ఇంజన్లు ఒక్క తీరుగా మోగవు, గుడగుడమని, కాస్త తడబడి, ఆగిపోతుందేమో అనిపించి, మళ్లీ గుడగుడమంటాయి. ఒకాయన ఆ వణుకు తెలియడానికి చక్రం మీది రెక్క రేకుకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంకొకాయన కందూరా అనే తెల్లటి అరబ్బీ అంగీ అంచు పైకి పట్టుకుని పొగగొట్టం దగ్గర గొంతుకూర్చుని, అత్తరు చూసినట్టు ఆ పొగను వాసన చూశాడు. ఆ వాసన మన తరానికి కొత్తా? చలికాలం పొద్దున చోక్ లాగి, రెండుసార్లు పెడల్ తొక్కి, జీపు అందుకునేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లం కదా మనం.

అంతలో నా వెనకాల ఒక ఇంజను మోగింది. తిరిగి చూడకుండానే అది ఏ బండో తెలిసిపోయి, నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. అల్లుడు ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను. మెల్లగా తిరిగి చూస్తే అదే కారు, ముదురాకుపచ్చ రంగు, ఎడమవైపు వెనుక రెక్క మీద బొటనవేలంత అల. ఆ అల నాకు తప్ప ఇంకెవరికీ కనబడదు, ఎందుకంటే ఆ రెక్కను రెండుసార్లు చేసింది నేనే. మొదటిసారి తుప్పు పట్టి, రెండోసారి కాలిపోయి.

ఆ కారు మా గ్యారేజీకి వచ్చింది 2020 మొదట్లో. అల్ ఐన్ దగ్గర ఒక ఖర్జూరపు తోటలో, రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి పడి ఉండి, సీట్లలో పావురాలు గుడ్లు పెట్టిన స్థితిలో, ట్రాలీ మీద వచ్చింది. మేము అర్బాబ్ అని పిలిచే దాని యజమానికి అది తండ్రి వదిలివెళ్లిన బండి. దాన్ని చూడగానే గ్యారేజీలో అందరూ పెదవి విరిచారు, ఒక్క నెల్లూరు అన్న తప్ప. ఆయన మా ఇంజను మనిషి. నెల్లూరు పక్క పల్లె నుంచి వచ్చిన ముస్లిం, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నాది జగిత్యాల వైపు. మా ఇద్దరి తెలుగూ విని హిందీవాళ్లు ఇవి రెండు భాషలనుకునేవాళ్లు. పనివాళ్ల క్యాంపులో ఒకే గదిలో ఆయన కింది మంచం, నాది పైది. ఆ కారును ఆయన నాలుగు చుట్లు తిరిగి చూసి, ఇదే నా చివరి బండి, దీన్ని మాట్లాడించి ఇంటికి పోతానన్నాడు.

ఆయన విద్య అంతా ముక్కులో ఉండేది. కార్బొరేటర్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేయడానికి మిగతావాళ్లు మిషన్లు తగిలిస్తే, ఆయన తెల్ల చేతిరుమాలు ఒకటి పొగగొట్టానికి జానెడు దూరంలో పట్టుకుని, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. వాసన ఘాటుగా ఉంటే బండి ఎక్కువ తాగుతున్నట్టు, పొడిగా, వేడిగా ఉంటే ఆకలితో ఉన్నట్టు. స్క్రూను ఇంత అంటే ఇంత తిప్పేవాడు, బండి కుదుటపడేది.

ఆ ఏడాది జబ్బు వచ్చి ఊళ్లన్నీ మూతపడ్డాక మా ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం వచ్చింది. విడిగా ఒక గదిలో పెట్టారు, కోలుకున్నాం, మళ్లీ పనిలోకి వచ్చాం. ఒక మధ్యాహ్నం నేను డబ్బా మూత తీస్తే ఎండకు పప్పు పాడై గుప్పుమంది. పారబోద్దామని పక్కకు పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అన్న దాన్ని అన్నంలో కలుపుకుని కమ్మగా తింటున్నాడు. నేను నిలబడిపోయాను. ఆయన నా ముఖం చూసి, పళ్లెం చూసి, చెయ్యి ఆపేశాడు. జ్వరం తగ్గిన నాటినుంచి వాసన అన్నదే తెలియడం లేదట. మా గ్యారేజీ మేనేజరుకు, అంటే ముదీరుకు, తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తాడు.

"ముదీరుకు చెప్పబాకబ్బయ్యా. ఈ ఒక్క బండి మాట్లాడిస్తే నా అంతట నేనే పోతా," అన్నాడు.

"నేనెందుకు చెప్తనే అన్నా," అన్నాను.

అలా నేను ఆయన ముక్కునయ్యాను. మోకాళ్ల నొప్పులని సాకు చెప్పి రుమాలు పట్టే పని నాకు అప్పగించాడు. నేను ముందు వాసన చూసి, తెచ్చి ఆయనకిస్తే, ఆయన ముదీర్ చూస్తుండగా గంభీరంగా ముక్కుకు పెట్టుకునేవాడు. ఎక్కువ తాగుతుంటే నేను టోపీ సర్దుకోవాలి, ఆకలిగా ఉంటే నుదురు తుడుచుకోవాలి. మొదట దగ్గుతానన్నాను గానీ, ఆ రోజుల్లో దగ్గితే గ్యారేజీ మొత్తం ఖాళీ అవుతుందని ఇద్దరం నవ్వుకుని మానేశాం. నాకు ఇంజను వాసనల తేడా తెలియదు, నాది రేకు పని. అందుకని గుడ్డముక్కలు పెట్రోల్లో, మాడిన ఆయిల్లో ముంచి, తనకు తెలియని వాసనలను తన జ్ఞాపకం నుంచి నాకు నేర్పాడు. ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, ఇప్పుడెట్టుండాదబ్బయ్యా అని. నాకు మాటలు వచ్చేవి కావు. జగిత్యాల బస్టాండులా ఉందనో, కిరోసిన్ పొయ్యి ఆర్పినప్పటిలా ఉందనో ఏదో చెబితే, ఆకలిగా ఉన్నవాడు వంట సంగతి విన్నట్టు వినేవాడు. ఇంటినుంచి ఎవరో తెచ్చిన ఆవకాయ సీసా మూత తీసి కూడా నన్నే వాసన చెప్పమన్నాడు.

ఏడాది తిరిగేసరికి కారు ఒక రూపానికి వచ్చింది. ఇంజను అందుకుంది, ఇక పెట్రోలు గొట్టాలు ఖాయంగా బిగించి పాళ్లు సరిచేయడమే మిగిలింది, ఒక వారం పని. ఆ వారంలోనే నా వీసా రెన్యూవల్‌కు మెడికల్ పడింది. నేను లేనప్పుడు పెట్రోలు జోలికి పోవద్దని చెప్పి వెళ్లాను. ఆయన ఆగలేదు. వెనుక గొట్టం అతుకు దగ్గర పెట్రోలు చెమరుస్తూ, కారుతూ, నేల మీద మడుగు కట్టింది. రెండు బండ్ల అవతల ఉన్నవాడికి వాసన కొట్టి, ఎక్కడిదా అని చూసే లోపలే, పక్కన గ్రైండింగ్ నిప్పురవ్వ వచ్చి పడింది. ఇసుక బకెట్లతో మంట ఆర్పేశారు. రెక్క రంగు కాలింది. అన్న కుడిచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది, కనుబొమ్మలు మాడిపోయాయి.

నేను వచ్చేసరికి ముదీర్ ఆయన్ను నిలదీస్తున్నాడు, ముక్కు కిందే పెట్రోలు కారుతుంటే ఎలా తెలియలేదని. మాస్క్ ఉందని అన్న అంటున్నాడు. ముదీర్ నావైపు తిరిగి, మీరిద్దరూ ఎప్పుడూ కలిసే పనిచేస్తారు, నువ్వు నిజం చెప్పమన్నాడు. కనుబొమ్మలు లేని అన్న ముఖం చూశాను. ఇంకోసారి మంట లేస్తే ఇసుకతో ఆరదు అనిపించింది. చెప్పేశాను. ఆయనకు వాసన తెలియదని, ఇన్నాళ్లూ చూసింది నేనని, అంతా.

ఆయన ప్రాణం కోసమే చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. కానీ పొద్దుననే నా వీసా మెడికల్‌కు రక్తమిచ్చి వచ్చిన చేతికి దూది ఇంకా అంటుకుని ఉంది, ముదీర్ అడిగినప్పుడు నా చూపు ఒకసారి దానిమీద పడింది. అదీ నిజమే.

నాలుగు రోజుల్లో ఆయన వీసా రద్దయింది. ఖలాస్ అనే ఒక్క మాటతో సరి. కట్టు కట్టిన చేత్తో పెట్టె సర్దుకుంటుంటే సాయం చేయబోయాను, వద్దనలేదు, నావైపు చూడనూ లేదు. క్యాంపు గేటు దగ్గర బండి ఎక్కే ముందు మాత్రం అన్నాడు.

"ఇంకో వారం ఆగుంటే అయిపొయ్యుండేది గదబ్బయ్యా."

గదిలోకి వచ్చి చూస్తే నా మంచం మీద ఆయన తెల్ల రుమాలు ఉతికి మడతపెట్టి ఉంది. తిట్టినా బాగుండేది.

ఆ రుమాలుతోనే మిగతా పని నేను పూర్తిచేశాను. స్క్రూ నేనే తిప్పాను, వాసన నేనే చూశాను. పని ముగిసిన రోజు అర్బాబ్ అక్కడే ఉన్నాడు. మంట సంగతికి భయపడ్డాడేమో, ముసలాయనకు అసలు వాసనే తెలియదట, మొదటినుంచీ అంతా ఇతని ముక్కే అని ముదీర్ ఆయనకు ధైర్యం చెప్పాడు. నేను చెప్పిన నిజం ముదీర్ నోట్లో పడి ఇలా తయారైంది. నేను పక్కనే ఉండి ఏమీ అనలేదు. ఇంజను మోగుతుండగా ఒక నిమిషం రికార్డు చేసి అన్నకు వాట్సాప్‌లో పంపాను. విన్నట్టు రెండు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. ఫోన్లు చేశాను, ఎత్తలేదు. కారు అల్ ఐన్ వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు జబ్బు రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో అన్న పోయాడు. నలభయ్యో రోజు దాటాక వదిన ఆయన ఫోన్ నుంచే నాకు చేసింది. ఆ బండి చప్పుడును రోజూ చెవికి ఆనించుకుని వినేవాడట. నాతో మాట్లాడమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా రేపు చేస్తాననేవాడట.

"పావు చుట్టు ఎక్కువ తాగతా ఉండాది, వాడికి చెప్పాల, వాడికి చెప్పాల అని ఒకటే గొణుక్కునేవాడు. అదేందో నీకన్నా తెలుసా భయ్యా?" అని అడిగింది.

తెలుసు అన్నాను, నేను తిప్పిన స్క్రూలు ఇంకో పావు చుట్టు బిగించాలని. అప్పటినుంచి ఆ పావు చుట్టు నా దగ్గరే ఉండిపోయింది. ఎంత చిన్న పని, ఒక స్క్రూడ్రైవరు, ఒక్క నిమిషం. కానీ అల్ ఐన్‌లో ఒక పెద్దింటి గేటు దగ్గరకు వెళ్లి, మీ కారు ఒకసారి ముట్టుకోనిస్తారా అని అడిగేంత మనిషినా నేను?

ఆ కారే పోయిన ఆదివారం నా ముందు మోగుతోంది. దగ్గరకు వెళ్లేకొద్దీ కళ్లు మండాయి. అన్న ఫోనులో చెవితో పట్టుకున్నది నాకు ఇన్నేళ్లకు ముక్కుకు తెలిసింది, ఎక్కువ తాగుతోంది, సరిగ్గా పావు చుట్టే. అర్బాబ్ నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి పట్టి లాక్కెళ్లి, ఈ బండిని మాట్లాడించిన ముక్కు ఇదే, ఏ మిషనూ దీనికి సాటిరాదు అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాడు. ఫోన్లు లేచాయి, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మా అల్లుడి ముఖం వెలిగిపోయింది.

"మూ అనా, అర్బాబ్. తానీ నఫర్," అన్నాను. నేను కాదు, వేరే మనిషి అని.

అర్బాబ్ నా భుజం తట్టి, చూశారా ఎంత అణకువో అన్నట్టు నవ్వాడు. ఇంకోసారి చెప్పబోయి మానేశాను. స్క్రూడ్రైవరు కావాలని చేత్తో చూపించాను. వెంటనే తెప్పించి ఇచ్చాడు. కార్బొరేటర్ మీదికి వంగి రెండు స్క్రూలనూ పావు చుట్టు లోపలికి తిప్పాను. గుడగుడ ఒక్క క్షణం తడబడి, కుదురుకుంది. ఈ పొగగొట్టం దగ్గరికి వచ్చి కూర్చున్న ఇందాకటి కందూరా ఆయన లేచి, ఆ కమ్మటి వాసన తగ్గిపోయిందే అని కొంచెం నిరాశగా అన్నాడు. తగ్గాలి మరి. కళ్లమంట కూడా తగ్గింది, నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

మా అల్లుడి కారు కరెంటుది. చప్పుడు లేదు, పొగ లేదు, దాన్ని సరిచేయడానికి ఎవరి ముక్కూ అక్కర్లేదు. తిరిగి వచ్చేటప్పుడు నా చేతులు పెట్రోలు కంపు కొడుతున్నాయని, అద్దం దించనా మామా అని అడిగాడు. వద్దన్నాను. అరచెయ్యి ముక్కుకు పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడైతే నాకు మాటలు వచ్చేవి, ఎలా ఉందో పూర్తిగా చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడెట్టుండాదబ్బయ్యా అని అడిగే మనిషే లేడు.