జొన్న కోసిన చేలో మిరపనారు

మా ఆయన చనిపోయిన ఏడాది ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా, ఎకరంన్నర కౌలు చేనూ. సాగరు కాలువ ఇంకా రాలేదు. వాన పడితేనే సేద్యం. చేను కలుపు పట్టినా, పంట పోయినా వేరేవాళ్లకు ఇస్తానని ఆసామి ముందే చెప్పాడు. పగలంతా నేను ఊళ్లోవాళ్ల చేలల్లో కలుపు తీసేదాన్ని. మా చేలో తీయడానికి మనిషి లేదు.

"తొలకరికి జొన్న ఒత్తుగా చల్లు. దాని కింద ఇంకోటి బతకదు" అంది అత్త.

చల్లాను. గలిజేరు కలుపు అక్కడక్కడా మొలిచి, పాలిపోయి, అంతటితో ఆగింది. మా చేలోకి కలుపుకి ఎవరూ దిగక్కర్లేకపోయింది. నీడకే అలా అవుతుందనుకున్నాను. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక ఒక వ్యవసాయం పుస్తకంలో కూడబలుక్కుని చదివాను. జొన్న వేర్లనుంచి ఒక రసం నేలలోకి దిగుతుందట. అది పక్క మొక్కల్ని ఎదగనివ్వదట.

జొన్న కోసిన నాలుగో రోజున మంచి వాన పడింది. ఊరంతా మిరపనారు నాటుతోంది.

"జొన్న కొయ్యలు వేళ్లతో సహా పీకి గట్టున పడెయ్. నేల ఒక నెల ఆరాలి" అంది అత్త.

"నెలాగితే పదునుంటుందా అత్తా? నారు ముదిరిపోదూ?"

"నీకు అన్నిటికీ తొందరే. అన్నం కూడా ఉడక్కముందే దించుతావు."

నేను కొయ్యలు పీకలేదు. అరక తోలించి మట్టిలో కలిపేసి, మర్నాడే నాటాను.

నారు చావలేదు. ఎదగనూ లేదు. నెల దాటినా జానెడే ఉంది, ఆకులు పసుపు రంగుకి తిరిగి. ఆసామి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"కలుపన్నది లేదే. చేను అద్దంలా పెట్టావమ్మా" అన్నాడు. తర్వాత వంగి ఒక మొక్కను పట్టుకు చూశాడు. "మిరపా లేదు."

"తెలియక చేసిందండి. ఇంకొక్క ఏడు చూడండి" అంది అత్త.

ఆయన గట్టు దిగి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి జొన్నన్నం వండాను. ఇద్దరం తిన్నాం.

మరుసటేడు ఆ చేను మా వీధిలోనే ఇంకొకరికి ఇచ్చాడు. వాళ్లు జొన్న వేయలేదు. మిరప మోకాలెత్తు లేచింది, కలుపూ దానితోపాటే లేచింది. నన్ను కూలికి పిలిచారు. మూడు రోజులు తీశాను. ఏ సాలు ఎక్కడ వంకర తిరుగుతుందో నాకు తెలుసు కాబట్టి, అందరికన్నా ముందు గట్టుకి చేరాను.